మైనం కింద పూస

ముల్లు ముప్ఫైనాలుగు మీద ఉంది. నేను వచ్చి ఈ పీట మీద కూర్చున్నప్పుడూ అక్కడే ఉంది, ఇప్పుడూ అక్కడే ఉంది, గోడ గడియారంలో మాత్రం మూడు దాటి ఏడు నిమిషాలయింది. ముప్ఫైనాలుగు డిగ్రీల దగ్గర ఉండమన్నాం, ఉంది. చెప్పిన మాట విన్నట్టే కదా. మరి ఈ అద్దాలపెట్టెలో పసివాడి కాళ్ళు అలా నేరేడుపండు రంగులో ఎందుకున్నాయి? నెలలు నిండకుండా పుట్టినవాళ్ళని వెచ్చగా ఉంచడానికే కదా ఈ పెట్టె. సముద్రాల అవతల ఏదో సంఘంవాళ్ళు తాము వాడి వాడి పక్కన పెట్టినదాన్ని ఓడెక్కించి ఈ మిషను ఆసుపత్రికి పంపించారు. వీడు ఏడోనెలలో పుట్టాడు, పుట్టి ఇవాళ్టికి నాలుగో రోజు, కిలోంబావు. నా కొట్లో బల్ల మీద ఇంతకంటే బరువైన ట్రాన్స్‌ఫార్మర్లున్నాయి. తల్లి వీరవేణి పక్కగదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆయా ఎలీసమ్మ పిన్ని పొద్దున్నించీ ఒకటే మాట అంటోందట, నాతోనూ అదే అంది. "కాళ్ళు చల్లగా ఉన్నాయి బాబూ." ముల్లు ఒకటంటోంది, పిన్ని ఒకటంటోంది. నేను ముల్లునే నమ్మాలి. దాన్ని బాగుచేసింది నేనే.

డాక్టరమ్మ సీతారత్నం గారు కాన్పుగదిలోకి వెళ్తూ గుమ్మంలో ఆగి, చేతులు తుడుచుకుంటూ చెప్పారు. "ప్రకాశం గారూ, నాకొక్క ముక్క చెప్పండి చాలు. పెట్టె సరిగ్గా ఉందా, లేదా? పెట్టె బాగుండి కూడా వీడు చల్లబడుతున్నాడంటే లోపల ఏదో చెడిందన్నమాట, అది నావల్ల కాదు, కాకినాడ పంపేయాలి. పెట్టే చెడిందంటారా, పంపను, ఇక్కడే ఏదో ఒకటి చేస్తాను. నాలుగింటికి వస్తాను." నేను ఆయ్ అన్నాను. ఆయ్ అనడం మనకి ఊపిరి తీసినంత తేలిక, ముందు అనేస్తాం, తరవాత ఏం ఒప్పుకున్నామో చూసుకుంటాం. కాకినాడ అంటే మాటలా! ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కాలి, అవతల కోటిపల్లిలో దిగాలి, గోదారి ఎర్రనీళ్ళతో ఒడ్డులు తింటోంది, పంటు వేస్తారో వెయ్యరో పంటువాడికే తెలీదు. లేదంటే రావులపాలెం వంతెన మీదుగా చుట్టు తిరగాలి, మూడు గంటలు, ఈ ముసురులో, ఈ గాలిలో, దుప్పటి చుట్టిన కిలోంబావు ప్రాణం. బయట వసారా పక్కన టాక్సీ తెచ్చి నిలబెట్టారు, వీరవేణి మామగారు అబ్బులు గారు దాని చుట్టూ తిరుగుతున్నారు. అంటే వీడు నది దాటాలా వద్దా అన్నది నా నోట్లో ఉంది. రేడియోలు బాగుచేసుకునేవాణ్ణి, నా నోట్లో ఎందుకుండాలి ఇది? సెలూన్లో రేడియో గరగరమంటోందని పిలిస్తే వెళ్ళేవాణ్ణి.

ఎందుకంటే మే నెలలో ఈ పెట్టె బాగుచేసింది నువ్వు కాబట్టి. అప్పుడు ముల్లు మిడతలా గెంతేది. ఇరవై, నలభై, ముప్ఫై, మళ్ళీ నలభై. పక్కరేకు విప్పి చూస్తే లోపల ఆకుపచ్చ బోర్డు, దాని మీద చిలుం. మన కోనసీమ గాలికి రాగి బతకదు, ఇనుము బతకదు, మనిషి మాత్రమే ఎలాగో బతుకుతాడు. ఉప్పు, తేమ, రెండూ కలిసి ఏ తీగనీ ఒంటరిగా ఉండనివ్వవు, ఆ తీగకీ ఈ తీగకీ మధ్య తడిదారి వేసేస్తాయి. దానికి మందు నా దగ్గరే ఉంది, ఇరవయ్యేళ్ళుగా ఉంది. మైనం. క్రిస్మస్ వెళ్ళాక గుడిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు సంచిడు తెచ్చుకుంటాను, పగలకుండా ఉండడానికి అందులో చిటికెడు గుగ్గిలం వేసి కరిగిస్తాను, బోర్డు మీద పోస్తాను. రాజోలు నుంచి, కొత్తపేట నుంచి రేడియోలు నా దగ్గరికి మైనానికే వస్తాయి. మైనం ప్రకాశం అంటారు నన్ను, జ్ఞానప్రకాశం అన్న పేరు గుడి రిజిస్టర్లో తప్ప ఎక్కడా లేదు. ఆ మైనం పేరంటే నాకు ఇష్టం, అబద్ధమెందుకు. పోయిన నెలలో క్రికెట్టు కప్పు గెలిచిన రాత్రి ఊరంతా రేడియోల దగ్గర కూర్చుంటే, వానలో కూడా గరగర లేకుండా పలికినవన్నీ మైనం పూసినవేనని మర్నాడు కొట్టు దగ్గరికి వచ్చి మరీ చెప్పారు జనం. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు.

అదే మైనం దీనికీ పోశాను. తప్పా? తప్పెలా అవుతుంది, పోశాక ముల్లు గెంతడం మానేసింది కదా. అందరూ చూశారు, డాక్టరమ్మ గారు చూశారు, ఎలీసమ్మ పిన్ని చూసి "అమ్మయ్య, నెమ్మదించింది" అంది. నెమ్మదించింది. గెంతే ముల్లు అబద్ధం చెబుతుందని అందరికీ తెలుసు, నిలబడ్డ ముల్లు కూడా చెప్పగలదని ఎవరికి తడుతుంది. ఆగు, అబద్ధమని ఎవరన్నారు, నువ్వే అనుకుంటున్నావు. మూడూ పదహారు. ముల్లు ముప్ఫైనాలుగు. ముల్లు పక్కన చిన్న ఎర్రదీపం ఉంటుంది, లోపల వేడితీగ పనిచేస్తుంటే వెలుగుతుంది, సరిపడా వెచ్చబడ్డాక ఆరిపోతుంది. అది ఆరి ఉంది. నేను వచ్చాక ఒక్కసారీ వెలగలేదు. వెచ్చగా ఉంటే వెలగదు, నిజమే. కానీ బయట ముసురు, కిటికీ చెక్క సందులోంచి గాలి నా మెడకే తగులుతోంది, అద్దాలపెట్టెకి తగలదా? వేడితీగ ఒక్కసారీ వెలగకుండా పెట్టె ఎలా వెచ్చగా ఉంది? పసివాడి ఒంటి వేడికా? వాడి దగ్గర పెట్టెకి ఇచ్చేంత వేడి ఎక్కడుంది.

అందుకే వీధికి అవతల ఉన్న కేశవరావు గారి ఫొటో స్టూడియోకి వెళ్ళి, ఫిలిములు కడిగే నీళ్ళలో పెట్టే థర్మామీటరు అడిగి తెచ్చాను. జ్వరం చూసే థర్మామీటరు ఇక్కడ పనికిరాదు, అది తొంభైఅయిదు దగ్గర మొదలవుతుంది, అంతకు కింద ఎంత చల్లగా ఉన్నా దానికి తెలీదు. పిల్లాడికి పెట్టి చూస్తే పాదరసం అసలు కదల్లేదట, నర్సు తొంభైఅయిదు అని రాసేసింది, ఏదో ఒకటి రాయాలి కదా. స్టూడియోది నయం, అడుగునుంచీ ఉంటుంది. పెట్టెలో పరుపు అంచున పెట్టాను. పెట్టి చూస్తే దాని పాదరసం మధ్యలో తెగి ఉంది. కిందముక్క ఎనభైఏడు దగ్గర ఆగింది, చిన్న పైముక్క తొంభైమూడు దగ్గర ఉంది, మధ్య ఖాళీ. ముల్లు సెంటీగ్రేడు, ఇది ఫారన్‌హీటు, ఆ లెక్క నాకు నోటికి రాదు, ముప్ఫైరెండు తీసెయ్యాలి, అయిదుతో హెచ్చవేయాలి, తొమ్మిదితో భాగించాలి. మందుచీటీ వెనక రాసి చూశాను. తొంభైమూడు అంటే ముప్ఫైనాలుగు, అచ్చం ముల్లు చెప్పిందే. ఎనభైఏడు అంటే ముప్ఫైన్నర, అది పిన్ని చెప్పింది. మళ్ళీ చేశాను, అదే. ఒకే గాజుగొట్టంలో ఇద్దరు సాక్షులు, ఒకడు నావాడు, ఒకడు పరాయివాడు. పైముక్కనే చూడాలని మనసు లాగుతోంది. పైముక్క నిజమైతే పెట్టె బాగుంది, నేను బాగున్నాను, పిల్లాడే బాగోలేదు, పిల్లాడు నది దాటాలి. ఛీ, ఇదేం ఆలోచన. కేశవరావు గారు ఇచ్చేటప్పుడు నవ్వేరు కూడా, "అది కొంచెం తిక్కదండీ, అలవాటైనవాళ్ళకే నిజం చెబుతుంది" అన్నారు. నాకు అలవాటు లేదు.

ఎలీసమ్మ పిన్ని పక్కగదిలోంచి వచ్చి, చెయ్యిపెట్టే కంత మూత తీసి, లోపల పసివాడి పాదం పట్టుకుంది. రెండు వేళ్ళ మధ్య పాదం కనబడకుండా పోయింది. "నా చేతులకేం తెలుస్తుంది బాబూ, ముప్ఫైయేళ్ళనించీ ఫినాయిల్లో నానిన చేతులు. అయినా చల్లగానే ఉందనిపిస్తోంది." గుడ్డ మడతపెడుతూ, "పోయిన నెలలో పోయింది చూడు, రాజోలోళ్ళ ఆడపిల్ల, దానికీ ఇలాగే కాళ్ళు ముందు రంగు మారేయి. దేవుడి చిత్తం అనుకున్నాం" అంది. నేను వినలేదు. విన్నాను, వినలేదనుకున్నాను. పోయిన నెల ఏ తారీకు? అడగలేదు. పోయిన నెలలో నేను నేల మీద నడవలేదు కదా.

చల్లగానే ఉన్నాడు. ఈ మాట ఎక్కడో విన్నాను. చల్లగానే ఉన్నాడురా, ఏం లేదు, పడుకో. అమ్మ అంది. మా అమ్మ మార్తమ్మ, కాలవగట్టున పీచు కొట్టేది. కాలవలో ఆర్నెల్లు కుళ్ళిన కొబ్బరిడొక్కలు తీసి, బండ మీద పెట్టి, చెక్కసుత్తితో పొద్దుటినుంచి సాయంత్రం దాకా. కుడి అరచెయ్యి మొత్తం ఒకటే కాయ, దాని మీద నిప్పుకణిక పెట్టినా నవ్వేది, పొయ్యిలోంచి నిప్పు చేత్తోనే తీసి అవతలింటివాళ్ళకి ఇచ్చేది, మాకు గొప్పగా ఉండేది. నాకు పదేళ్ళు, తమ్ముడు దానానికి నాలుగు. వాడు రెండు రోజులుగా మూలుగుతున్నాడు. అమ్మ పనినించి వచ్చి వాడి నుదుటి మీద అరచెయ్యి వేసింది, కాసేపుంచింది, చల్లగానే ఉన్నాడురా అంది, మర్నాడు పనికెళ్ళింది. సాయంత్రం వచ్చి మళ్ళీ వేసింది, మళ్ళీ అదే అంది. నేను పక్కనే పడుకున్నాను, వాడి ఒళ్ళు నాకు తగులుతోంది, కాలుతోంది. అమ్మ చల్లగా ఉన్నాడంటే నాకే తప్పుగా తెలుస్తోందనుకున్నాను. పదేళ్ళవాణ్ణి, అమ్మ చెయ్యి కంటే నాకెక్కువ తెలుసా? మూడోరోజు వాడికి ఫిట్స్ వచ్చాయి. బతికాడు. చెవులు పోయాయి. ఇప్పుడు నా కొట్లోనే ఉంటాడు, రేడియో పెట్టెలకి పాలిష్ పెడతాడు, పాట వస్తుంటే స్పీకరు గుడ్డ మీద వేళ్ళు పెట్టి కళ్ళు మూసుకుంటాడు. రేడియో మెకానిక్ తమ్ముడికి చెవులు లేవు, ఊళ్ళో దీని మీద హాస్యాలున్నాయి, వాడికి వినబడవు కాబట్టి నేనూ నవ్వేస్తాను.

ఆ తరవాత అమ్మ అరచేతిని నమ్మలేదు. బతికినన్నాళ్ళూ ఎవరి ఒళ్ళు చూడాలన్నా చెయ్యి తిరగేసి, మణికట్టు లోపలివైపు, ఆ నీలినరాలున్న చోట ఆనించేది. "అరచెయ్యి పని చేసుకోడానికిరా, తెలుసుకోడానికి కాదు" అనేది. అదే చేత్తో మాకు అన్నం పెట్టింది, ఆ కాయలే లేకపోతే పీచు కొట్టలేదు, నన్ను చదివించలేదు. కాయలని తిట్టడానికి లేదు.

ఇదెందుకు గుర్తొచ్చింది ఇప్పుడు? గుమ్మంలో నీడపడితే తల తిప్పాను. అబ్బులు గారు. ధోవతి మోకాళ్ళదాకా తడిసి ఉంది, చేతిలో గొడుగు ఉండీ వెయ్యలేదు. "ఏవండీ, పెట్టె బాగానే ఉన్నట్టాండీ? టాక్సీవోడు తొందరపడతన్నాడండి, అయిదు దాటితే పంటు కట్టేత్తారంటండి." నాకు అండీ అంటున్నారు. వీళ్ళ తోటల్లోంచి వచ్చిన డొక్కలే మా అమ్మ కొట్టింది, వీళ్ళ నాన్నగారి తరంవాళ్ళు మా అమ్మని ఒసే అనేవాళ్ళు, గట్టుకి అవతలే నిలబెట్టేవాళ్ళు, ఇవాళ ఈయన నా మొహంలోకి చూస్తూ చేతులు నలుపుకుంటున్నారు. దానికి నేను సంతోషించొచ్చు. లేదు, సంతోషం లేదు, భయంగా ఉంది. "చూస్తన్నానండి, ఇంకాసేపు ఆగండి" అన్నాను. "ఇద్దరు పోయేరండి ముందు. ఈడు మూడోవోడండి" అని, గొడుగు ఇవతలి చేతినించి అవతలి చేతికి మార్చుకుని వెళ్ళిపోయారు.

మూడు ముప్ఫైమూడు. చెయ్యిపెట్టే కంతలు రెండూ తెరిచాను, పిన్ని పసివాడి మీద దుప్పటి సరిచేసింది. ఒకటి, రెండు, మూడు నిమిషాలు. స్టూడియో థర్మామీటరులో రెండు ముక్కలూ కలిసి దిగుతున్నాయి, పైది తొంభై, కిందిది ఎనభైనాలుగు, ఏది నిజమో నాకు తెలీదు, కానీ కదిలింది. చల్లగాలి లోపలికి వచ్చిందని దానికి తెలిసింది. ముల్లు కదల్లేదు. తల కూడా తిప్పలేదు. చుట్టూ చలిగాలి తిరుగుతున్నా ముప్ఫైనాలుగు అంటోంది. కంతలు మూసేశాను. అయితే అది చూస్తున్నది దేన్ని? ఏదో ఒకదాన్ని చూస్తూనే ఉంది కదా, ముప్ఫైనాలుగు అని గాల్లోంచి పుట్టదు. పక్కరేకు మీద, బోర్డు ఉన్నచోట వేళ్ళు ఆనించాను. ఏం లేదు. నా వేళ్ళ కొసలు టంకం వేసే ఐరన్‌తో కాలి కాలి చచ్చిపోయాయి, కరిగిన సీసం చుక్క పడినా ముందు వాసనే తెలుస్తుంది నాకు. చెయ్యి తిరగేశాను. ఎప్పుడు తిరగేశానో తెలీదు, చూసేసరికి మణికట్టు లోపలివైపు రేకు మీద ఉంది. వెచ్చగా ఉంది. రేకు వెనక ట్రాన్స్‌ఫార్మరు కూర్చుని ఉంది, నాలుగు రోజులుగా ఆగకుండా తిరుగుతున్న కరెంటు, అది బోర్డుని కోడి గుడ్డుని పొదిగినట్టు పొదుగుతోంది. మణికట్టు తీసి కంతలోంచి లోపలికి పెట్టాను, పసివాడి తల పక్కన. చల్లన. చల్లన, అమ్మా, చల్లన.

పూస. ఆవగింజంత పూస, వేడిని చూసేది అదే. అది బోర్డుకి అంటుకుని లేదు మొదట్లో, గుర్తుంది, బాగా గుర్తుంది, రెండు సన్నటి తీగల మీద లేచి నిలబడి, లోపలి రేకులో ఉన్న చిల్లులోంచి తల పెట్టెలోకి చాపి ఉంది. పిల్లాడు పీల్చే గాలిని అది ముక్కుతో చూసేది. దాని తీగలకే ఎక్కువ చిలుం పట్టింది, అందుకే ముల్లు గెంతింది. నేనేం చేశాను? తుడిచాను. ఇలా నిలబడి ఉంటే ఎవరి చెయ్యో తగిలి విరుగుతుంది, మళ్ళీ చిలుం పడుతుంది, అనుకున్నాను. పడుకోబెట్టాను. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను, పసిపిల్లని పడుకోబెట్టినట్టు నెమ్మదిగా వంచి బోర్డు మీద ఆనించి, పైనుంచి మైనం పోశాను, మునిగేదాకా, ఇంకొంచెం కూడా. ఇక ఉప్పుగాలి తగలదు. ఏ గాలీ తగలదు. అప్పట్నించీ అది బోర్డు వేడినే పిల్లాడి వేడి అనుకుంటోంది. ఇక చాలు, వెచ్చగానే ఉన్నాడు అని వేడితీగని ఆపేస్తోంది. కానీ ఆ రోజు సరిచూశాను కదా? చూశాను, పెట్టగానే చూశాను, బోర్డు ఇంకా వేడెక్కకముందే, మే నెల, గదే ముప్ఫైనాలుగు ఉంది, ముల్లూ ముప్ఫైనాలుగు, ఆహా అనుకుని రేకు బిగించి, పిన్ని ఇచ్చిన టీ తాగి వెళ్ళిపోయాను. తరవాత ముల్లు కాస్త పైకెళ్తే ఎండలనుకుని ఉంటారు. ఎండాకాలంలో ఈ పెట్టెతో పనేముంది, గాలే పిల్లల్ని కాచింది. ఆషాఢం వచ్చాకే తెలియాలి. తెలిసింది. ఎవరికి తెలిసింది? రాజోలు ఆడపిల్లకి తెలిసింది.

"పిన్నీ, వీణ్ణి తియ్యండి." ఆవిడ చూసింది. "తీసి ఎక్కడ పెట్టను బాబూ?" "తల్లి దగ్గర. రవికె లోపల, ఒంటికి ఒళ్ళు ఆనేలాగ. పైన దుప్పటి కప్పండి. తొందరగా." పిన్ని వాణ్ణి రెండు చేతుల్లోకి తీసుకుని పక్కగదిలోకి నడిచింది. వీరవేణి గొంతు ఏదో అంది, తరవాత మంచం కిర్రుమంది, తరవాత వానచప్పుడే. ప్లగ్గు పీకాను. నాలుగు మరలు. రేకు ఊడింది. లోపల నా మైనం పాలమీగడలా నున్నగా, అందంగా ఉంది, ఇంత బాగా పోశానా అనిపించింది, ఆ క్షణంలో కూడా అనిపించింది, సిగ్గులేదు. చాకుమొనతో గీకాను, అంచులో కొంచెం పచ్చరంగు తగిలింది, ఏ క్రిస్మస్ చెట్టు మీద కొవ్వొత్తో. గోరుతో గిల్లాను. పూస బయటపడింది. తీగలకి మాత్రం పల్చగా మైనం ఉంచాను, పూసని ఒట్టిగా వదిలాను, మెల్లగా లేపి, చిల్లులోంచి తల మళ్ళీ పెట్టెలోకి చాపాను. రేకు బిగించి ప్లగ్గు పెట్టాను.

ముల్లు దిగింది. ముప్ఫైమూడు, ముప్ఫైరెండు, ముప్ఫై, ఇరవైతొమ్మిది దగ్గర ఆగి కొంచెం వణికింది. ఎర్రదీపం వెలిగింది. నా కళ్ళు మసకేశాయి. ఇంతసేపూ వెలగని దీపం.

నాలుగుకి ఆరు నిమిషాలుంది. ఇప్పుడు బుర్ర కొంచెం తేలికవ్వాలి కదా, అవలేదు, ఇంకా చిక్కుపడింది. డాక్టరమ్మ గారు వస్తారు. పెట్టె చెడింది, ఇప్పుడు బాగుపడింది అంటే చాలు. పిల్లాడికి అంతకంటే అక్కర్లేదు. పాతదండీ, పూస పాడైందండీ, సరిచేశానండీ. అందులో పూస ఒక్కదానికే నింద, దానికి నోరు లేదు. మైనం ఊసెందుకు? మైనం గీకినదంతా రుమాల్లో మూటకట్టి జేబులో పెట్టేసుకున్నాను కూడా, ఎప్పుడు కట్టానో, ఎందుకు కట్టానో. వీడు నది దాటక్కర్లేదు, నా పేరు చెడక్కర్లేదు, ఎవరికీ నష్టం లేదు. లేదా? రాజోలువాళ్ళు ఎవరో, వాళ్ళింట్లో ఇప్పుడెవరో ఒకావిడ నా కడుపే మంచిది కాదు అనుకుంటూ ఉంటుంది. మా అమ్మ ఎవరినీ అనలేదు. దానం చెవులు పోయాక జనం దిష్టి అన్నారు, గాలి అన్నారు. నా చెయ్యే, అంది అమ్మ. గుళ్ళో అందరి ముందూ లేచి, అరచెయ్యి చూపించి, నా చెయ్యే అంది. నాకు అప్పుడు సిగ్గేసింది, అమ్మ అలా ఎందుకు చెప్పిందో అర్థం కాలేదు. ముప్ఫైఅయిదేళ్ళు అర్థం కాలేదు.

డాక్టరమ్మ గారు వచ్చారు, నుదుటి మీద చెమట. "చెప్పండి ప్రకాశం గారూ. పెట్టె బాగుందా?"

"పెట్టె మంచిదేనండి. నేనే పాడుచేసేనండి." జేబులోంచి రుమాలు తీసి బల్ల మీద విప్పాను. "పూస మీద మైనం పోసేనండి, పూసని బోర్డుకి ఆనించేసేనండి. అప్పట్నించీ ముల్లు చెప్పేది బోర్డు వేడండి, పిల్లల గాలి కాదండి. ఇప్పుడు గీకేసేనండి. పిల్లాణ్ణి పంపక్కర్లేదండి, వేడెక్కనిచ్చి లోపల పెట్టండి."

ఆవిడ ఎర్రదీపం చూశారు, మైనం తునకలు చూశారు. కోప్పడతారనుకున్నాను. గుమ్మంలో అబ్బులు గారు ఎప్పుడొచ్చారో, రెండు చేతులూ జోడించేశారు. "మీరు సమయానికి దేవుడిలాగ వచ్చేరండి."

"కాదండి, నా వల్లే జరిగిందండి ఇది."

"అయ్యో, అలాగనకండి. మీరు పెద్దమనసున్నవోళ్ళు కాబట్టి అలాగంటన్నారండి." టాక్సీవాణ్ణి పంపెయ్యడానికి వానలోకి పరిగెత్తారు. మా నేల మీద తప్పు ఒప్పుకున్నా మర్యాద కిందే జమకడతారు. ఇంకోసారి చెబుదామని నోరు తెరిచాను, ఆయన అప్పటికే గేటు దగ్గరున్నారు.

డాక్టరమ్మ గారు మాత్రం మర్యాద అనుకోలేదు. బీరువాలోంచి కాన్పుల పుస్తకం తీసి, నిలబడే పేజీలు తిప్పి, వేలు ఒకచోట ఆపారు. "జూన్ ఇరవైఎనిమిది" అన్నారు. "ఆ వారమంతా వానే." తల ఎత్తి నా వైపు చూశారు. "మైనం అప్పటికే ఉంది కదూ?"

"ఆయ్."

ఆవిడ పుస్తకం మూసి, కిటికీ చెక్క సందులో గుడ్డ కుక్కారు. ఆ రాజోలు ఆడపిల్లకి అది మైనమో, దేవుడి చిత్తమో, ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు, ఇక ఎప్పటికీ తెలీదు. తెలీదు కాబట్టి నాది కాదని అనుకోలేను.

నాలుగూ పాతిక. ముల్లు మళ్ళీ ముప్ఫైనాలుగు. ఈసారి నేను దాన్ని చూడలేదు, కంతలోంచి మణికట్టు పెట్టి చూశాను, లోపల వెచ్చగా ఉంది, దీపం ఆరుతోంది, వెలుగుతోంది. పిన్ని పసివాణ్ణి తల్లి దగ్గర్నించి తెచ్చి పరుపు మీద పెట్టింది. "నా చేతులకి తెలీదు, నువ్వు చూడు బాబూ" అంది. నేను వేళ్ళు ముడిచి, చెయ్యి తిరగేసి, నీలినరాలున్న చోట వాడి పాదం ఆనించుకున్నాను. తల్లి ఒంటి తడి ఇంకా ఉంది దానికి. ఒక బొటనవేలు నా నాడి మీద కొట్టుకుంటోంది, లేక నా నాడే దాన్ని కొడుతోందో. చాలాసేపు ఉంచాను. పిన్ని నా మొహం చూస్తోంది, గుమ్మంలో అబ్బులు గారు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు, బాగుందని అనేస్తే అందరికీ బాగుంటుంది.

"ఇంకా చల్లగానే ఉన్నాడండి" అన్నాను. చెయ్యి తియ్యలేదు.